గాలి తీసే మేస్త్రి

డీజిల్ ఇంజనుకి గాలి అంటే పడదు. నాగూర్ మీరా మేస్త్రి నాకు మొట్టమొదట నేర్పిన సంగతి ఇదే. పెట్రోలు బండి కాస్త గాలి మింగినా దగ్గి, తుమ్మి, ఎలాగో నెట్టుకొస్తుంది. డీజిల్ అలా కాదు. ట్యాంకు నుంచి ఇంజను దాకా వెళ్లే సన్నగొట్టంలో ఆవగింజంత బుడగ చేరినా చాలు, మంచి జోరు మీదున్న బండి నడిరోడ్డు మీద నిలబడిపోతుంది. అప్పుడు ఫిల్టరు నెత్తి మీదుండే చిన్న మరని అరచుట్టు వదులు చేసి, పక్కనున్న చేతిపంపు కొడుతూ కూర్చోవాలి. ముందు నురగ వస్తుంది. తరవాత బుడగలు. ఓపిక పడితే, బుడగ లేని తేట డీజిల్ దారంలా కారుతుంది. అప్పుడు మర బిగించాలి. దీన్ని మేస్త్రీలు గాలి తియ్యడం అంటారు. బండి ఎందుకాగిందని అడిగితే, "గాలి పట్టింది" అంటారు.

మా వైపు ఊళ్లలో ఈ మాటలకి ఇంకో అర్థం ఉందని వేరే చెప్పనక్కర్లేదు. మనిషికి గాలి పడుతుంది. మిట్టమధ్యాహ్నం ఏటికెళ్లిన ఆడమనిషికి సోకుతుంది, చింతతోపు దాటి వచ్చిన పిల్లకి సోకుతుంది. అది తీసేవాళ్లూ ఉంటారు. నాగూర్ మీరాకి మాత్రం గాలి అంటే ఒకటే గాలి. రెండోది తెలివి తక్కువ వాళ్లదని అతని లెక్క.

ఆరేళ్ల కిందట, అరవై రెండులో జరిగింది ఇది. అతని షెడ్డులో కూర్చుని వింటూ నేను కాగితం బయటికి తీస్తే, "రాసుకో బాబూ. మా అత్తకి సదువు రాదు," అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

నాగూర్ మీరా తండ్రి ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాడు. కొడుక్కి తగరం నచ్చలేదు, ఇనుము నచ్చింది. చలికాలం వస్తే అనకాపల్లి చుట్టూ చెరుకు గానుగలు మొదలవుతాయి. ఎడ్ల గానుగలు తగ్గి ఆయిల్ ఇంజన్లు వస్తున్న రోజులవి. ఇంజను ఆగితే తీసిన రసం పులిసిపోతుంది, రైతు నెత్తీ నోరూ కొట్టుకుంటాడు. అలా ఆగిన ఇంజన్ల దగ్గర కూర్చుని, ఎవరూ చెప్పకుండా, విప్పి, బిగించి, మళ్లీ విప్పి నేర్చుకున్నాడు. పుస్తకం లేదు, గురువు లేడు. ఉన్నది చెవి. ఇనప కడ్డీ ఒక కొస ఇంజను మీద, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు.

"ఇంజను అబద్ధం సెప్పదు బాబూ. దానికి నొప్పెక్కడుంటే అక్కడ సప్పుడు సేత్తాది. సప్పుడు లేదంటే నొప్పి లేదు." ఈ మాట అనేసి, తనే దిద్దుకున్నాడు. "అలాగనుకునేవోణ్ణి," అన్నాడు.

ఆ చెవి సంగతి విని జియావుద్దీన్ అనే ఆయన అతన్ని పిలిపించాడు. జియావుద్దీన్ ఊరూరా తిరిగి మాయాజాలం చూపించేవాడు. టోపీలోంచి పావురం తీసేవాడు, నోట్లోంచి రంగు కాగితాలు తీసేవాడు. పేరు ముందు ప్రొఫెసర్ అని తనే పెట్టుకున్నాడు. ఆయన దగ్గర ఒక బండి ఉండేది. మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత లారీ. పెట్రోలు ఇంజను పీకించేసి డీజిల్‌ది పెట్టించాడు. వెనకాల చెక్కతో గది కట్టించాడు. ముందు డ్రైవరు కూర్చునే చోటు, మధ్యలో చెక్క గోడ, వెనక ఇల్లు. ఒక పక్క పడుకునే బల్ల, ఇంకో పక్క మాయాజాలం పెట్టెలు, మూల కిరసనాయిలు పొయ్యి, బండి కుదుపుకి తొణక్కుండా నీళ్ల కుండకి ఇనప చట్రం. జనం దాన్ని మోటారిల్లు అనేవారు. ఆట వేసేటప్పుడు దీపాలకీ మైకుకీ కరెంటు ఆ ఇంజను నుంచే. డైనమోకి బెల్టు తగిలించి, బండి నిలబెట్టి, గంటల తరబడి ఇంజను తిప్పాలి.

ప్రొఫెసరు మాత్రం ఆ బండిలో పడుకునేవాడు కాదు. "నా పావురాలకే ఆ కంపు పడదు, నాకెలా పడుతుందోయ్," అనేవాడు. ఏ ఊరెళ్లినా ఎవరో ఒక షావుకారు అరుగు చూసుకునేవాడు. అంచేత మోటారిల్లు నిజానికి నాగూర్ మీరా కాపురమే అయింది. అరవై ఒకటిలో బషీరాబీని చేసుకున్నాడు. పెళ్లయిన మూడో వారానికి ఆమె ట్రంకు పెట్టెతో వచ్చి బండెక్కింది.

బషీరాబీ మసీదు వీధిలో పరుపులు కుట్టే సర్వర్ జహాన్ కూతురు. తండ్రి లేడు. తల్లీ కూతురూ దూది ఏకి, పరుపులూ దిళ్లూ కుట్టి బతికారు. ఒక ఇంట్లోనే పుట్టి, ఆ ఇంటి గుమ్మం దాటకుండా పెరిగిన పిల్లకి ఇల్లే కదిలి ఊళ్లు తిరగడం మహా సరదాగా ఉండేదట. పొద్దున్న లేచి తలుపు తీస్తే ఏ ఊరు కనిపిస్తుందో అడగకుండా ముందు తనే చెప్పాలని చూసేది. అచ్యుతాపురం అంటే పరవాడ అయ్యేది. "ఊళ్లన్నీ ఒక్కలాగే కట్టేరు, నా తప్పేటి?" అనేది.

రోజూ పొద్దున్న మేస్త్రి పని ఒక నమాజులా వరసగా జరిగేది. ఆయిలు పుల్ల తీసి తుడిచి చూడటం. ఫిల్టరు కింది గాజుగిన్నెలో దిగిన నీళ్లు వదలడం. డ్రమ్ములోంచి తెచ్చిన డీజిల్‌ని మల్లు గుడ్డలో వడగట్టి పొయ్యడం. ఆ వడగట్టే పని బషీరాబీ నేర్చుకుంది. పాలు వడగట్టినట్టు వడగట్టేది. ఆఖర్న గాలి తియ్యడం. ఉన్నా లేకపోయినా తీసేవాడు.

"ఏటి మేస్త్రిగారూ, దిగిందా దెయ్యం?" అని వెక్కిరించేది ఆమె, పొయ్యి దగ్గర నుంచి.

"నా బండికి దెయ్యం ఒకత్తే. పొయ్యి దగ్గరుంది."

"మరి తియ్యండి సూద్దాం. ఏ మరొదులు సేత్తే పోతాదో."

అలా ఏడాది గడిచింది.

అరవై రెండు శ్రావణంలో పరవాడ దగ్గర ఒక పల్లెలోకి దిగుతుంటే, దారిలో తేలిన బండరాయి బండి పొట్టకి తగిలింది. ఇంజను నుంచి సైలెన్సరుకి వెళ్లే పొగగొట్టం అతుకు దగ్గర విడింది. బండి భడభడమని ఊరంతా అదిరేలా మోగింది. నాగూర్ మీరా బండి కిందికి దూరి, అతుకు చుట్టూ ఆస్బెస్టాస్ తాడు చుట్టి, దాని మీద నూనె డబ్బా రేకు కత్తిరించి తొడిగి, ఇనప తీగతో బిగించాడు. అనకాపల్లి వెళ్లాక వెల్డింగు పెట్టించాలనుకున్నాడు. బండి స్టార్టు చేసి విన్నాడు. చప్పుడు పోయింది. చప్పుడు పోయింది గనక పని అయిపోయిందనుకున్నాడు, వెల్డింగు మాట మరిచిపోయాడు.

ఆ అతుకు సరిగ్గా బషీరాబీ పడుకునే బల్ల కింద ఉంది. బల్ల కింద నేల చెక్కలో ఒక చదరపు మూత కూడా ఉంది, బ్యాటరీ చూసుకోవడానికి మేస్త్రి తనే కోసి పెట్టుకున్నది. అంత బిగువుగా కూర్చునేది కాదు.

అప్పటికి బషీరాబీకి మూడో నెల. అనకాపల్లి వచ్చినప్పుడు సర్వర్ జహాన్ కూతుర్ని ఇక్కడే ఉంచెయ్యమంది. బషీరాబీ వినలేదు. "అయితే ఒకటి సెప్తాను, విను," అంది ఆవిడ అల్లుడితో. "కడుపుతో ఉన్న పిల్ల. వానాకాలం. ఒంటికి సలిగాలి తగలనీకు." కొత్త పరుపు ఒకటి కుట్టి ఇచ్చింది.

అత్త మాట అల్లుడు తు.చ. తప్పకుండా పాటించాడు. వానలు పట్టగానే కిటికీలకి లోపల్నుంచి టార్పాలిను కొట్టాడు. చెక్కల సందుల్లో గోనె పీచు తారులో ముంచి కూరాడు. వెనక తలుపుకి పాత కంబళి వేలాడదీశాడు. నాకు చెప్పేటప్పుడు ఆ పనులన్నీ వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఒక్క నేల మూత మాత్రం అలాగే ఉంచాడు, బ్యాటరీకి కావాలి కదా అని.

ఆ తరవాతే ఆమెకి తలనొప్పి మొదలైంది. సాయంకాలం ఆట వేళకి, దీపాలకి ఇంజను తిప్పుతుంటే, కణతలు పట్టుకుని పడుకునేది. వాంతయ్యేది. వేవిళ్లనుకున్నారు. పొద్దున్న తలుపు తీసి డీజిల్ వడగట్టడానికి బయటికొచ్చాక తేరుకునేది. "అయిదో నెల్లో కూడా వేవిళ్లేటి, నా పిల్లడికి డీజిల్ పడట్లేదేమో," అని నవ్వింది ఒకసారి. ఇప్పుడు చెబుతుంటే మేస్త్రికి ఏ రోజు ఏమైందో వరసగా గుర్తుంది. అప్పుడు ఒక్కటీ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

ఆశ్వయుజంలో బుచ్చయ్యపేట వెళ్లారు. సంత దగ్గర బండి పెట్టారు. వాయుగుండం పట్టి మూడు రోజులు ముసురు. జనం పలచగా వచ్చినా ప్రొఫెసరు ఆట మానలేదు. నాలుగో రోజు పొద్దున్న బషీరాబీ నీళ్లకి వెళ్లి, నూతి దగ్గర బిందె పట్టుకునే కూలబడిపోయింది. కళ్లు తేలేసింది. అక్కడున్న ఆడాళ్లు మొహాన నీళ్లు కొట్టి, మేస్త్రికి కబురు పెట్టకుండానే కాసులమ్మ ఇంటికి మోసుకుపోయారు.

కాసులమ్మ ఆ ఊళ్లో గాలి తీసే మనిషి. అరవై ఏళ్లుంటాయి. మొగుడు లేడు, పిల్లల్లేరు. ఊరి చివర తాటాకు పందిరి, నాలుగు వైపులా గోడ లేదు, వెనకాల చిన్న గది. ఆ పందిట్లో మంచం వేసి పడుకోబెట్టి, వేపరెమ్మ ఆడిస్తూ ఏవో గొణుగుతోంది. నాగూర్ మీరా చేతుల నిండా గ్రీసుతో పరిగెత్తుకొచ్చాడు.

"ఎవులు సెప్పేరు నీకు మా ఇంటిదానికి గాలి పట్టిందని?"

కాసులమ్మ రెమ్మ ఆపలేదు. "ఎవులు సెప్పాల? నూతికాడ పడిపోతే మరేటంటారు?"

"కడుపుతో ఉంది. నీరసం."

"కడుపుతో ఉన్నోళ్లని ఏబై మందిని సూసేన్నాను. ఈ పిల్లది అది కాదు. బండిలో ఉంది గాలి. నీ బండిలోనే ఉంది."

చుట్టూ ఉన్న ఆడాళ్లు ఒక్కసారి మోటారిల్లు వైపు చూశారు. నాగూర్ మీరాకి ఒళ్లు మండింది. దెయ్యమంటే నవ్వి ఊరుకునేవాడు. బండిని అనేసరికి ఆగలేకపోయాడు.

"నా బండిలో గాలి ఉంటే నాకు తెలీదేటమ్మా? రోజూ పొద్దున్నే తీత్తాను. నీకన్నా నేనే ఎక్కువ తీసుంటాను."

"నువ్వూ తీత్తావా?" అంది కాసులమ్మ, నిజంగానే ఆశ్చర్యపోయి. "ఏ మంత్రం?"

"స్పానరు."

ఆడాళ్లు పమిటలు అడ్డం పెట్టుకుని నవ్వారు. మంచం మీద బషీరాబీ కూడా పెదవి కదిపింది. కాసులమ్మ మాత్రం వంగి, బషీరాబీ పైట కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "ఈ కోక బొగ్గు వాసనేత్తంది. తల కూడా. ఇదేటి?"

"డీజిల్ మేస్త్రి పెళ్లానికి అత్తరు వాసన వత్తాదేటి?" అన్నాడు.

ఆ మాటకి అందరూ మళ్లీ నవ్వారు. ఇక్కడిదాకా చెప్పి మేస్త్రి నా కాగితం వైపు చూశాడు. "బాగా నవ్వేరు బాబూ. నేను సెప్పిన మాటల్లో అంత మంది నవ్వింది అదొక్కటే."

బషీరాబీయే ఆ గొడవ తీర్చింది. మూడు రోజులు ఇక్కడే ఉంటానంది. ఇక్కడ హాయిగా ఉందంది. అతను ఒప్పుకున్నాడు. ఆ మూడు రోజులూ ఆమె ఆ పందిట్లోనే పడుకుంది, చినుకు కొట్టినా, ఈదురుగాలి కొట్టినా. పొద్దున్నా సాయంత్రం కాసులమ్మ వేపరెమ్మ ఆడించేది, గంజి తాగించేది, కొబ్బరి నీళ్లు తాగించేది. రెండో రోజుకి తలనొప్పి లేదు. మూడో రోజు నాగూర్ మీరా వెళ్లేసరికి లేచి కూర్చుని, కాసులమ్మ చిరిగిన బొంత కుడుతోంది. రంగు తిరిగింది. "ఏటి మేస్త్రిగారూ, ఎవులి సేతివాటం మంచిదో తేలిపోయింది," అని పడిపడి నవ్వింది.

ఆ నవ్వు చూసి అతను సంతోషించాలి. సంతోషించాడు కూడా. కానీ ఊళ్లో అప్పటికే అందరూ మోటారిల్లుకి దెయ్యం పట్టిందంటున్నారు. ప్రొఫెసరు ఆటకి జనం రావడం మానేశారు. "ఏమయ్యా, నా బండికి ఇంత పేరు తెచ్చావు," అన్నాడు ఆయన. నాగూర్ మీరాకి అది గుండెలో గుచ్చుకుంది. ఎవరికైనా దెయ్యముందని చెప్పచ్చు, తను సొంత చేత్తో చూసుకునే బండికి దెయ్యముందనడమా? ఆ మధ్యాహ్నమే అనకాపల్లి తిరుగుప్రయాణం అన్నాడు ప్రొఫెసరు. బషీరాబీని తల్లి దగ్గర దింపేద్దామని నాగూర్ మీరాకీ ఉంది.

కాసులమ్మ దారికి అడ్డం వచ్చింది.

"నాయనా, పిల్లని ఎడ్లబండి మీద పంపు. లేపోతే సంత లారీ వత్తాది, దాని మీద పంపు. నీ బండి మాత్రం ఎక్కనీకు."

"ఎడ్లబండి మీద ఇరవై మైళ్లా? అయిదో నెల కడుపుతో? కుదుపులకి ఏటవుతాదో తెలుసా?"

"తెలుసు. అయినా సరే."

"మరి నా బండిలో ఏటవుతాది?"

"తెలీదు నాయనా. తెలిస్తే సెప్పనా?"

ఆ 'తెలీదు' అతనికి చాలింది. తెలియనివాళ్లు తెలిసినవాణ్ణి భయపెడుతున్నారు, అంతే అనుకున్నాడు. బషీరాబీ కాసులమ్మ చేతులు పట్టుకుని, మొగుడి వైపు చూసి, బండెక్కింది. అతను ఎక్కమనలేదు. వద్దనీ అనలేదు. ఆమె అతని పరువు కోసమే ఎక్కిందని అతను నమ్ముతాడు. నేను కాదనలేదు.

వాన కోసమని కిటికీల టార్పాలిను మళ్లీ బిగించి, కంబళి దించి, ఆమెని కొత్త పరుపు మీద పడుకోబెట్టాడు. ప్రొఫెసరు ముందు అతని పక్కన కూర్చున్నాడు. ముందు తలుపులకి అద్దాల్లేవు, వాన జల్లు మొహాన కొడుతుంటే ఇద్దరూ గోనెలు కప్పుకున్నారు. దారంతా బురద. చోడవరం దాటాక బండి దగ్గింది, ఇంకోసారి దగ్గింది, ఆగిపోయింది.

"ఇప్పుడేటయ్యా?" అన్నాడు ప్రొఫెసరు.

"గాలి పట్టింది."

ప్రొఫెసరు పెద్దగా నవ్వాడు. "కాసులమ్మని పిలుద్దామా?"

వెనక్కెళ్లి కంబళి ఎత్తి చూశాడు. బషీరాబీ నిద్రపోతోంది. మూడు రోజులుగా ఆ పందిట్లో చలికి సరిగా నిద్రపట్టి ఉండదు, పడుకోనీ అనుకున్నాడు. కంబళి మళ్లీ దించాడు. వానలో తడుస్తూ మర వదులు చేశాడు, చేతిపంపు కొట్టాడు. నురగ, బుడగలు, తేట. బిగించాడు. ఇంజను అందుకుంది. కానీ తిన్నగా నిలవలేదు. ఇంకెక్కడో గాలి పీలుస్తోంది. ఇంజను నడుస్తుండగానే చెవి పెట్టి వింటూ, ఒక్కొక్క అతుకూ బిగిస్తూ, మళ్లీ గాలి తీస్తూ, ముప్పావుగంట పైన బండిని నిలబెట్టి తిప్పాడు. వెనక గొట్టంలోంచి నల్లపొగ చిక్కగా వస్తోంది. ఆఖరికి దొరికింది. ట్యాంకు దగ్గర రాగి వాషరు చీలింది. మార్చాడు. ఇంజను గడియారంలా పట్టుకుంది. నల్లపొగ పోయింది.

"అంత మంచి పని నేనెప్పుడూ సెయ్యలేదు," అన్నాడు నాతో. "అనకాపల్లి దాకా పాడుకుంటూ తోలేను."

పొద్దు ఉండగానే మసీదు వీధికి చేరారు. సర్వర్ జహాన్ ముంగిట్లో దూది ఏకుతోంది. బండి చూసి లేచి వచ్చింది. నాగూర్ మీరా వెనక తలుపు తీసి పిలిచాడు. భుజం పట్టుకుని కుదిపాడు. సర్వర్ జహాన్ లోపలికెక్కి కూతురి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. బుగ్గలు ఎర్రగా, పెళ్లినాటి కంటే ఎర్రగా ఉన్నాయట. అందుకే ఇద్దరూ కాసేపు నమ్మలేదు. డాక్టరొచ్చాడు. నాడి చూసి, కనురెప్ప ఎత్తి చూసి, వాళ్లతో ఏమీ అనకుండా ప్రొఫెసరుని పక్కకి పిలిచాడు.

మర్నాడు ఖననం అయ్యాక వీధి వీధంతా ఒకటే మాట. చచ్చిన మనిషికి అంత రంగేమిటి? గాలి. బుచ్చయ్యపేటలో ఎవరో తీశారట, పూర్తిగా తియ్యలేదట. దారిలో బండాగినప్పుడు మళ్లీ పట్టేసింది.

నాలుగో రోజు నాగూర్ మీరా పరుపు బయట పడేద్దామని బండెక్కాడు. పరుపు తీశాడు, బల్ల చెక్కలు ఊడదీశాడు. చెక్కల అడుగున పెనం వెనకలా మసి. నేల మూత అంచుల చుట్టూ మసి, వేలు పెడితే వేలంతా నల్లనయ్యేంత. బండి కిందికి దూరాడు. నూనె డబ్బా రేకు నిలువునా చీలి ఉంది. ఆస్బెస్టాస్ తాడు సగం పొడై రాలిపోయింది. చీలిక సరిగ్గా మూత వైపు నోరు తెరుచుకుని ఉంది. పొగ చప్పుడు లేకుండా వచ్చింది. చప్పుడు చేస్తే వినేవాడు.

అక్కడే బండి కింద, వీపు కింద మట్టితో, చాలాసేపు పడుకుండిపోయాడు. ఆ వారమే ప్రొఫెసరుకి తాళాలిచ్చేశాడు.

నలభయ్యో రోజు ఫాతిహా చదివించడం అయ్యాక, వచ్చినవాళ్లందరూ వెళ్లాక, అత్తకి చెప్పాడు. గొట్టం, రేకు, మూత, టార్పాలిను, అన్నీ. సర్వర్ జహాన్ వింటూ, చీకటి కమ్ముతుంటే, ఏకిన దూదిని మూట కడుతోంది. మూట ముడి వేసి, విప్పి, మళ్లీ వేసింది.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయింది అత్తా. నా సేత్తోనే..."

"ఆగు." ఆవిడ చెయ్యెత్తింది. "నాకు నా కూతురు తప్ప ఎవులున్నారు? ఎవులూ లేరు. మిగిలింది నువ్వు. రేప్పొద్దున్న నాకు మంచినీళ్లిచ్చేది నువ్వు. నువ్వు సంపేవంటే నీ మీద కోపం రావాల నాకు. ఆ కోపం ఎక్కడెట్టుకోను? నీకు అన్నం ఎట్టాలంటే ఎలా ఎట్టాల?"

ఆవిడ దూది మూటని గోడ పక్కకి తోసింది.

"గాలి సోకింది. ఎవులో సరిగ్గా తియ్యలేదు. అంతే. నా ముందు ఇంకోలా సెప్పకు." లేచి లోపలికెళ్లి పళ్లెం తెచ్చింది. "కూకో. తిను."

తిన్నాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లోనే తింటున్నాడు. బెల్లం మార్కెట్టు వెనక రేకుల షెడ్డులో లారీలకి పని చేస్తాడు, రాత్రికి మసీదు వీధికి వస్తాడు. ఎవరైనా కూతురి సంగతి ఎత్తితే సర్వర్ జహాన్ అదే చెబుతుంది: ఆ బుచ్చయ్యపేట మనిషి సరిగ్గా తియ్యలేదమ్మా, లేపోతే నా పిల్ల దక్కేది. అతను అక్కడే ఉంటాడు. వింటాడు.

మాటకి కాళ్లు రావడానికి ఎన్నాళ్లు పడుతుంది? బెల్లం బళ్లు బుచ్చయ్యపేట నుంచి వారానికి రెండుసార్లొస్తాయి. మరుసటి చెరుకు కోతలకి ఒక బండివాడు మాటల్లో అన్నాడు: కాసులమ్మ ఇప్పుడెవరికీ చూడట్లేదు. చేతిలో శక్తి పోయిందంటోంది. అనకాపల్లి పిల్లకెవరికో తీస్తే, ఇంటికెళ్లే దారిలోనే పోయిందట. ఇంటికెవరూ రావట్లేదు. తిండికే కష్టంగా ఉంది.

నాగూర్ మీరా మర్నాడే తిరుగుబండి ఎక్కాడు.

పందిరి ఒక పక్కకి ఒరిగి ఉంది. కాసులమ్మ మంచం మీద కూర్చుని ఉంది. అతన్ని చూడగానే ఆనవాలు పట్టి, రెండు చేతులూ జోడించింది. "నాయనా, నన్ను తిట్టడానికొచ్చేవు. తిట్టు. సరిగ్గా తియ్యలేకపోయేన్నాను."

అతను నేల మీద ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

"తీసేవమ్మా. పూర్తిగా పోయింది. మూడోనాడు నవ్వింది సూడు, అప్పటికే పోయింది. నువ్వు తీసేవు. నేను తీసుకెళ్లి మళ్లీ ఎక్కించేను."

ఆవిడకి అర్థం కాలేదు. గొట్టం సంగతి చెప్పాడు. పుల్లతో నేల మీద గీసి చూపించాడు: ఇది ఇంజను, ఇది గొట్టం, ఇక్కడ చీలిక, ఇక్కడ మూత, దాని మీద ఆమె.

"పొగా?"

"పొగే."

"పొగకి మనుషులు సత్తారేటి నాయనా? మా ఇళ్లన్నీ పొగే కదా. నా కళ్లు సూడు."

"అది కనపడే పొగమ్మా. ఇందులో కనపడందొకటి ఉంటాది. సప్పుడుండదు. ముక్కుకి కూడా సరిగ్గా తెలీదు. మనిషి నిద్రపోతన్నట్టే ఉంటాది."

కాసులమ్మ ఆ గీతల వైపు చాలాసేపు చూసింది. "కనపడదు, సప్పుడుండదు, మనిషిలో దూరతాది," అంది నెమ్మదిగా. "దాన్నే కదరా నాను గాలన్నాను. మరి నాను సెప్పిందేటి? నీ బండిలోనే ఉందనలేదా?"

"అన్నావు."

"ఎక్కనీకన్లేదా?"

"అన్నావమ్మా."

ఆవిడ తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండునని ఆ దారంతా అనుకుంటూ వచ్చాడట. ఆవిడ తిట్టలేదు. పైట నోట్లో కుక్కుకుని అటు తిరిగిపోయింది. భుజాలు కదిలాయి. అతను లేచి, పందిరి ఒరిగిన గుంజ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

చివరికి ఆవిడే అడిగింది, వెనక్కి తిరక్కుండా. "ఆ పిల్ల తల్లికి సెప్పేవా ఇది?"

"సెప్పేను. నా ముందు ఇంకోలా సెప్పకంది. నిన్నే అనుకుంటంది. ఊళ్లో అందరికీ నీ పేరే సెప్తంది. రేపెళ్లి అందరి ముందూ సెప్పేత్తాను."

కాసులమ్మ మొహం తుడుచుకుంది.

"వద్దు," అంది. "ఆ తల్లిని నా పేరే సెప్పుకోనీ. తీసేనని నాకు తెలిసింది, సాలు."